గోదావరి డెల్టా షీట్లన్నీ ఒకే లేయర్‌గా: క్యూజీఐఎస్‌లో రాస్టర్లు కలిపే పద్ధతి

గోదావరి డెల్టా మీద పని చేసేవాళ్లకి పటం ఎప్పుడూ ముక్కలుగానే దొరుకుతుంది. ధవళేశ్వరం ఒక టోపోషీటులో, యానాం ఇంకో దాంట్లో, అంతర్వేది మరో దాంట్లో ఉంటాయి. పైగా 82 డిగ్రీల రేఖాంశం అమలాపురాన్ని ఆనుకునే పోతుంది. పాత టోపోషీట్లయినా, నేల ఎత్తులు చెప్పే డెమ్ ఫైళ్లయినా సరిగ్గా ఆ గీత దగ్గరే తెగుతాయి. కోనసీమలో ఒక మురుగు కాలువను మొదలు నుంచి సముద్రపు మొగ దాకా చూడాలంటే కనీసం రెండు మూడు షీట్లు పక్కపక్కన పెట్టుకోవాలి.

ఆ ముక్కల్ని ఒకే లేయర్‌గా ఎలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఫైళ్లు ఇప్పటికే జియోరిఫరెన్స్ అయి, అంటే నేల మీద వాటి చోటు గుర్తించి, ఉన్నాయనే అనుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ పటాల పనికి వాడే క్యూజీఐఎస్. ఇది ఉచితం, వెనకాల రాస్టర్ (పిక్సెళ్ల గళ్లతో తయారైన చిత్రం) పనులు చేసే జీడాల్ కూడా దాంతోపాటే వస్తుంది. మెనూ పేర్లు తెర మీద ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో ఇస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కలిపే బటన్ నొక్కడం నిమిషం పని. అసలు పనంతా అంతకుముందు చేసే తనిఖీలో ఉంది. తనిఖీ వదిలేసి కలిపిన ఫైలు చూడ్డానికి బాగానే ఉంటుంది, తప్పు మాత్రం లోపల ఉండిపోతుంది. నెల తర్వాత ఆ పటం మీద కాలువ పొడవు కొలిచినప్పుడు బయటపడుతుంది.

అసలు కలపాలా?

కళ్లతో చూడ్డానికే అయితే అక్కర్లేదు. లేయర్లన్నీ ఒక గ్రూపులో పెట్టుకుంటే సరిపోతుంది. విడివిడిగా తెరిచినప్పుడు క్యూజీఐఎస్ ఒక్కో ఫైలుకి దాని కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని బట్టి రంగు సర్దుతుంది. అందుకే ఒకే వరి పొలం గీతకి ఇటు ఒక పచ్చ, అటు ఒక పచ్చగా కనిపిస్తుంది. అది డేటాలో తప్పు కాదు. అన్ని లేయర్లకీ ఒకే కనిష్ఠం, ఒకే గరిష్ఠం చేత్తో ఇస్తే పోతుంది.

లెక్కలు చేయాలంటే మాత్రం కలపాల్సిందే. వాలు, కాంటూర్లు, నీరు పారే దిశ లాంటివన్నీ ఒక్కో పిక్సెల్‌ని చుట్టూ ఉన్న పిక్సెళ్లతో పోల్చి కడతారు. ఫైలు అంచున పక్క పిక్సెల్ ఉండదు కాబట్టి అక్కడ ఫలితం చెడిపోతుంది. ఫోన్‌లో క్యూఫీల్డ్ (క్యూజీఐఎస్ పటాల్ని ఫోన్‌లో చూపే యాప్) పెట్టుకుని పొలాల్లోకి వెళ్లేవాళ్లకి కూడా ఒక్క ఫైలు ఉంటేనే సుఖం.

ప్రతి ఫైలులోనూ చూడాల్సినవి

లేయర్ మీద రెండుసార్లు క్లిక్ చేసి ఇన్ఫర్మేషన్ ట్యాబ్ తెరవండి. కాగితం మీద ఒక పట్టిక గీసుకుని ఈ వివరాలు రాసుకోండి.

1. సీఆర్ఎస్, అంటే పటం ఏ కొలతల పద్ధతిలో ఉందో చెప్పేది. అన్నిటికీ ఒకటే ఉండాలి. గోదావరి డెల్టా మొత్తం 78, 84 డిగ్రీల రేఖాంశాల మధ్యే ఉంది కాబట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో జోన్ 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ (సీఆర్ఎస్‌లకి ఇచ్చే నంబరు) 32644, చివరి పటం అంతటికీ సరిపోతుంది.
2. పిక్సెల్ సైజు. ఒకటి 4 మీటర్లు, ఇంకోటి 6 మీటర్లు అయితే దేనికి సర్దాలో మీరే తేల్చుకోవాలి. వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది.
3. బ్యాండ్ల (ఒకే చిత్రంలోని వేర్వేరు విలువల పొరల) సంఖ్య. ఒక షీటు ఒకే బ్యాండ్‌తో రంగుల పట్టిక మీద నడుస్తూ, మరొకటి మూడు బ్యాండ్ల ఆర్జీబీ అయితే అవి కలవవు. మొదటి రకాన్ని రాస్టర్ మెనూలో కన్వర్షన్ కింద ఉన్న పీసీటీ టు ఆర్జీబీతో మార్చుకోండి.
4. డేటా టైపు. స్కాన్లు బైట్, సెంటినెల్ శాటిలైట్ చిత్రాలు 16 బిట్, డెమ్‌లు ఇంట్ 16 లేదా ఫ్లోట్ 32 అయి ఉంటాయి.
5. నోడేటా, అంటే ఇక్కడ సమాచారం లేదని చెప్పే విలువ. ఉందా లేదా, ఉంటే ఎంత. దీని గురించి కింద చాలా చెప్పాల్సి ఉంది.

ఇంకోటి, జియోరిఫరెన్సర్‌లో లీనియర్ పద్ధతి వాడి ఉంటే పక్కన ఒక చిన్న వరల్డ్ ఫైలు (చిత్రం ఎక్కడ కూర్చోవాలో చెప్పేది) మాత్రమే పుట్టి ఉండొచ్చు, అప్పుడు చిత్రం లోపల ఏమీ మారదు. ఒంపుగా తిరిగి ఉన్న చిత్రాల్ని వర్చువల్ రాస్టర్ (కింద చెప్పబోయే కలిపే పద్ధతి) తీసుకోదు. అలాంటి వాటిని ముందు వార్ప్ చేసి (పిక్సెళ్లని కొత్త గళ్లలోకి మార్చి) నిటారుగా నిలబెట్టుకోవాలి.

పాత టోపోషీట్లు: అన్నిటికన్నా ఓపిక కావాల్సినవి

సర్వే ఆఫ్ ఇండియా పాత నంబర్ల ప్రకారం 65వ షీటు 80 నుంచి 84 డిగ్రీల రేఖాంశాలు, 16 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంటుంది. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున ఏ నుంచి పీ వరకు పదహారు గళ్లు చేశారు. ఒక్కో గడిని మళ్లీ పదహారు చేస్తే 15 నిమిషాలకి 15 నిమిషాల షీటు వస్తుంది. అదే 1:50,000 షీటు. డెల్టా ఎక్కువగా 65 హెచ్, 65 ఎల్ గళ్లలో పడుతుంది. ధవళేశ్వరం 65 హెచ్/13లో, నరసాపురం, అంతర్వేది 65 హెచ్/11లో, యానాం 65 ఎల్/2లో ఉంటాయి.

వీటితో పెద్ద చిక్కు డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల్ని భూమి మీద ఏ ఆధారంతో కొలిచారన్నది. పాత షీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి ఒక పాత లెక్క) మీద గీశారు. జీపీఎస్, శాటిలైట్ చిత్రాలు, కొత్త ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయి. పాత షీటు మూలల మీద 82 డిగ్రీలు అని చూసి దానికి డబ్ల్యూజీఎస్ 84 అని తగిలిస్తే మన ప్రాంతంలో సుమారు 200 మీటర్ల తేడా వస్తుంది. గౌతమి గట్టు మీదున్న గుడి నదిలోకి జరిగిపోవడానికి అది చాలు. అందుకని పాత షీటుని జియోరిఫరెన్స్ చేసేటప్పుడు సీఆర్ఎస్‌గా కల్యాణ్‌పూర్ 1975, అంటే ఈపీఎస్‌జీ 4146 ఇవ్వండి. షీటు మీద 5 నిమిషాలకొక గీత ఉంటుంది. అవి కలిసే చోట్లు, అంచులతో కలిపి పదహారు. పదహారింటికీ పాయింట్లు పెడితే కాగితం సాగిన చోట కూడా సర్దుకుంటుంది.

మీ దగ్గర షీట్లు ఇప్పటికే డబ్ల్యూజీఎస్ 84 అని ముద్ర వేసుకుని ఉంటే, శాటిలైట్ చిత్రం మీద పరిచి ఒక బ్యారేజీనో రైల్వే వంతెననో చూడండి. రెండు వందల మీటర్లు ఒకే వైపుకి జరిగి ఉంటే కారణం ఇదే. లేయర్ మీద కుడి క్లిక్ చేసి సెట్ లేయర్ సీఆర్ఎస్‌లో 4146 పెట్టి మళ్లీ చూస్తే తేడా తెలిసిపోతుంది. ఫైలులో శాశ్వతంగా మార్చాలంటే రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్ కింద అసైన్ ప్రొజెక్షన్ ఉంది.

రెండో చిక్కు మార్జిన్. షీటు చుట్టూ తెల్ల కాగితం, గుర్తుల వివరణ, స్కేలు, పక్క షీట్ల నంబర్లు ఉంటాయి. కోయకుండా కలిపితే ఒక షీటు మార్జిన్ పక్క షీటులో ఊళ్లని కప్పేస్తుంది. కోసే పద్ధతి ఇది:

రాస్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్షన్ కింద క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్ తెరవండి. షీటు ఇంకా 4146లో, డిగ్రీల్లోనే ఉండాలి. ఎక్స్‌టెంట్ పెట్టెలో పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం వరసలో విలువలు ఇవ్వాలి. 65 హెచ్/14కి అయితే 81.75, 82, 16.5, 16.75. దాని తూర్పు పొరుగు 65 ఎల్/2కి 82, 82.25, 16.5, 16.75. చేత్తో గీత గీసి కోయొద్దు, ఎంత జాగ్రత్తగా గీసినా రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అవుతాయి. అంకెలు ఇస్తే షీటు అసలు అంచు దగ్గరే తెగుతుంది. షీట్లు ఎక్కువుంటే అదే పెట్టెలో రన్ యాజ్ బ్యాచ్ ప్రాసెస్ నొక్కి అన్నీ ఒకేసారి పెట్టుకోవచ్చు.

కోశాక ముక్కల్ని వెంటనే యూటీఎంలోకి మార్చేయాలనిపిస్తుంది. ఆగండి. ఒక్కో షీటునీ విడిగా మారిస్తే అంచులు కాస్త ఒంపు తిరుగుతాయి, ఖాళీ మూలల్లో నల్ల రంగు నిండుతుంది, షీటుకీ షీటుకీ మధ్య సన్నటి గీత పడుతుంది. అన్నిటినీ 4146లోనే వర్చువల్ రాస్టర్‌గా కలిపి, ఆ మొత్తాన్ని ఒక్కసారి మాత్రమే 32644కి మార్చండి. కోయడం, కలపడం, మార్చడం. ఈ వరస తప్పకుండా ఉంటే అతుకుల బాధ చాలావరకు ఉండదు.

కలపడం: వర్చువల్ రాస్టర్‌తో

రాస్టర్ మెనూలో మిసలేనియస్ కింద బిల్డ్ వర్చువల్ రాస్టర్ ఉంటుంది. ఇన్‌పుట్ దగ్గర ఫైళ్లన్నీ టిక్ పెట్టండి. రిజల్యూషన్ దగ్గర యావరేజ్ అని ఉంటుంది, దాన్ని హయ్యెస్ట్ చేయండి.

తర్వాత వచ్చే ప్లేస్ ఈచ్ ఇన్‌పుట్ ఫైల్ ఇంటూ ఎ సెపరేట్ బ్యాండ్ అనే పెట్టెని తప్పకుండా చూడండి. మామూలుగా దీనికి టిక్ పెట్టే ఉంటుంది. పక్కపక్క షీట్లు కలిపేటప్పుడు ఆ టిక్ తీసేయాలి. ఉంచేస్తే ఒక్కో షీటు ఒక్కో బ్యాండ్‌లోకి వెళ్లి, ఒక షీటు ఎర్రగా, పక్కది పచ్చగా, ఇంకోటి నీలంగా కనిపిస్తుంది. ఈ రంగుల గోల చూసి ఫైళ్లు పాడయ్యాయేమో అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఆ ఒక్క టిక్ తీస్తే సరి.

అలౌ ప్రొజెక్షన్ డిఫరెన్స్ అనే పెట్టె జోలికి వెళ్లొద్దు. అది ప్రొజెక్షన్ మార్చదు, తేడా ఉన్నా పట్టించుకోకుండా కలిపేస్తుంది, అంతే. లక్షణాలు కలవని ఫైలుని ఈ పని పక్కన పెట్టేసి మిగతావి కలుపుతుంది. అందుకే లాగ్ చదవండి, హెచ్చరిక అక్కడే ఉంటుంది.

వచ్చిన వీఆర్‌టీ ఫైలు కొన్ని కేబీలే ఉంటుంది. ఏ చిత్రం ఎక్కడ ఉందో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు అది, బొమ్మలు దాంట్లో లేవు. వాట్సాప్‌లో ఆ ఒక్క ఫైలు పంపితే అవతలివాళ్లకి ఏమీ తెరుచుకోదు. తనిఖీకి మాత్రం దీన్ని మించింది లేదు. తప్పు కనిపిస్తే చెరిపేసి క్షణాల్లో మళ్లీ కట్టుకోవచ్చు, అసలు ఫైళ్లు చెక్కుచెదరవు.

చూసుకుని తృప్తి కలిగాక ప్రొజెక్షన్స్ కింద వార్ప్ తెరవండి. సోర్స్ 4146, టార్గెట్ 32644. 300 డీపీఐతో స్కాన్ చేసిన 1:50,000 షీటులో ఒక పిక్సెల్ నేల మీద 4.2 మీటర్లు ఉంటుంది, కాబట్టి అవుట్‌పుట్ రిజల్యూషన్ 4 ఇవ్వొచ్చు. రీశాంప్లింగ్‌కి (కొత్త పిక్సెళ్లకి విలువలు తేల్చే పద్ధతికి) గీతలు, అక్షరాలు చెదరకుండా నియరెస్ట్ నైబర్ మంచిది. నోడేటా పెట్టెలో 0 రాయకండి. షీటు మీది నల్ల అక్షరాల విలువ కూడా సున్నాకే వస్తుంది, ఊరి పేర్లలో చిల్లులు పడతాయి. దానికి బదులు అడ్వాన్స్‌డ్ భాగంలో అడిషనల్ కమాండ్ లైన్ పారామీటర్స్ దగ్గర, ముందు ఒక హైఫన్ పెట్టి డీఎస్‌టీ ఆల్ఫా అని ఖాళీ లేకుండా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. బయటి ఖాళీ భాగం పారదర్శకం అవుతుంది, అక్షరాలు భద్రం. ప్రొఫైల్ దగ్గర హై కంప్రెషన్ ఎంచుకోండి. జేపెగ్ కంప్రెషన్ వద్దు, సన్న గీతల చుట్టూ మరకలు వస్తాయి.

ఇలా వచ్చిన పటంలో డేటమ్ మార్పు వల్ల పది, ఇరవై మీటర్ల తేడా ఇంకా మిగలొచ్చు. పాత కాలువ దారి, తీరం ఎంత జరిగింది, లంక ఎంత కోతకు గురైంది అన్నవి పైపైన పోల్చుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. సర్వే నంబరు హద్దు తగాదాకి మాత్రం దీన్ని ఆధారంగా తీసుకెళ్లొద్దు.

మెర్జ్ ఎప్పుడు వాడాలి

అదే మిసలేనియస్ కింద మెర్జ్ కూడా ఉంది. ఇది నేరుగా ఒక పెద్ద టిఫ్ రాస్తుంది. ఫైళ్లన్నీ ఒకే సీఆర్ఎస్, ఒకే పిక్సెల్ సైజులో ఉంటే, పైన చెప్పిన వార్ప్ అవసరం లేకపోతే, నిక్షేపంగా వాడొచ్చు. పిక్సెల్ సైజు జాబితాలో మొదటి ఫైలు నుంచి తీసుకుంటుంది. ఒకదానిమీద ఒకటి పడే చోట చివరి ఫైలు పైన ఉంటుంది. కాబట్టి నాణ్యత బాగున్న షీటుని జాబితాలో కిందికి జరపండి. ఈ కిందది పైకి వచ్చే నియమం వర్చువల్ రాస్టర్‌కీ వర్తిస్తుంది.

మెర్జ్‌లో అవుట్‌పుట్ డేటా టైపు మామూలుగా ఫ్లోట్ 32 అని ఉంటుంది. స్కాన్ చేసిన షీట్లకి దాన్ని బైట్ చేయండి. పైన చెప్పిన పిక్సెల్ సైజుతో ఒక షీటు మూడు బ్యాండ్లకి 120 ఎంబీ దాకా ఉంటుంది. ఫ్లోట్ 32లో అదే 500 ఎంబీకి దగ్గరవుతుంది, లాభం మాత్రం ఏమీ లేదు. ఎనిమిది షీట్లయ్యేసరికి మామూలు టిఫ్‌కి ఉన్న 4 జీబీ హద్దు దగ్గరకి వచ్చేస్తుంది. నిజంగానే అంత పెద్దది కావాల్సి వస్తే క్రియేషన్ ఆప్షన్లలో బిగ్‌టిఫ్‌కి యెస్ ఇవ్వండి.

ఎత్తుల ఫైళ్లు: డెల్టాలో సున్నా కూడా నేలే

డెమ్‌లు ఒక్కో డిగ్రీ పలకలుగా వస్తాయి. పేరులో ఉండేది ఎడమ కింది మూల. డెల్టాకి ఎన్16 ఈ081, ఎన్16 ఈ082 పలకలు తప్పనిసరి, రాజమహేంద్రవరం పైభాగం కూడా కావాలంటే ఎన్17 ఈ081 కలుపుకోవాలి. ఇవి కలపడం తేలిక, అన్నీ ఒకే కొలతలో ఉంటాయి.

ఇక్కడ జాగ్రత్త నోడేటా గురించి. ఎస్ఆర్‌టీఎం అనే డెమ్‌లో నోడేటా మైనస్ 32768. చాలా పాఠాల్లో సున్నాని నోడేటాగా ఇవ్వమని చెబుతారు. కొండ ప్రాంతానికి అది నడుస్తుందేమో కానీ మన దగ్గర కుదరదు. తీరం వెంబడి నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సున్నా తీసేస్తే సముద్రంతోపాటు ఉప్పుటేరుల పక్కన పల్లపు నేలలు, చెరువులు కూడా మాయమవుతాయి. వరద ముంపు చూడాల్సిన మనిషికి మొదట కావాల్సింది ఆ నేలలే.

రెండు రకాల డెమ్‌లు ఎప్పుడూ కలపొద్దు. ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం 96 నుంచి, కోపర్నికస్ ఎత్తులు ఈజీఎం 2008 నుంచి కొలిచినవి (రెండూ సముద్రమట్టానికి వేర్వేరు నమూనాలు). ఇస్రో వాళ్ల భువన్ సైటులో దొరికే కార్టోడెమ్ ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి లెక్కించినవి, అందుకే మన తీరంలో పదుల మీటర్ల మైనస్ విలువలు కనిపిస్తాయి. వీటిని పక్కపక్కన అతికితే 82 డిగ్రీల గీత వెంబడి లేని గోడ ఒకటి లేస్తుంది.

యూటీఎంలోకి మార్చేటప్పుడు డెమ్‌కి బైలీనియర్ వాడండి. నియరెస్ట్ వాడితే కాంటూర్లలో మెట్లు వస్తాయి. మరో విషయం కోనసీమవాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి. ఈ డెమ్‌లు చాలావరకు చెట్ల తలల ఎత్తే చెబుతాయి. కొబ్బరి తోట ఉన్న చోట నేల కొన్ని మీటర్లు పైకి లేచినట్టు, పక్క వరి చేను గుంటలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంత బాగా కలిపినా ఆ లోపం పోదు. మురుగు నీరు ఎటు పారుతుందో దీన్నిబట్టే తేల్చేయకండి.

శాటిలైట్ చిత్రాలు

సెంటినెల్ 2 పలకలు 110 కిలోమీటర్ల చతురస్రాలు, అంచుల్లో ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకే తేదీ, ఒకే కక్ష్యలో తీసిన పలకలైతే అతుకే కనిపించదు. వేర్వేరు తేదీలవి కలిపితే మాత్రం మెర్జ్ రంగు సర్దిపెట్టదు. డెల్టాలో పది రోజుల్లో నేల రూపమే మారిపోతుంది. సార్వా ఊడ్పుల ముందు నీళ్లు పెట్టిన చేను నల్లగా ఉంటుంది, ఊడ్చిన కొద్ది వారాలకే పచ్చబడుతుంది. కోరింగ మడ అడవుల దగ్గర ఆటుపోట్లని బట్టి బురద నేల ఒక చిత్రంలో కనిపిస్తుంది, ఇంకోదాంట్లో కనిపించదు. వానాకాలంలో ఒకే తేదీకి మబ్బు లేని చిత్రం దొరకడం కష్టమే. అయినా కోతల తర్వాత, దాళ్వా మధ్యలో ఆకాశం తేటగా ఉండే రోజుల కోసం ఆగడం మేలు.

దించుకున్న సెంటినెల్ ఫోల్డర్ పేరులో ఎన్ అక్షరం తర్వాత నాలుగంకెలు చూడండి. 0400 లేదా అంతకన్నా ఎక్కువైతే విలువలకి 1000 కలిపి ఉంటుంది. 2022 జనవరి 25 నుంచి ఈ పద్ధతి వచ్చింది. అంతకుముందు తయారైన ఫైలునీ, దీన్నీ కలపాలంటే రాస్టర్ కాలిక్యులేటర్‌లో కొత్తదాని నుంచి 1000 తీసేయండి. లేకపోతే సగం డెల్టా ఎండిపోయినట్టు పటం అబద్ధం చెబుతుంది.

వరస కూడా ముఖ్యం. ముందు రెండు పలకల్లోనూ ఉన్న 4వ బ్యాండ్లని కలపండి, తర్వాత 3, తర్వాత 2. ఇలా వచ్చిన మూడింటినీ మళ్లీ వర్చువల్ రాస్టర్‌లో పెట్టి, ఈసారి మాత్రం సెపరేట్ బ్యాండ్ టిక్ ఉంచండి. ఆ పెట్టె ఉన్నది ఇందుకే. నోడేటా ఇక్కడ సున్నాయే.

డ్రోన్ మొజాయిక్‌ల సంగతి చిన్నదే. వాటిలో సాధారణంగా నాలుగో బ్యాండ్‌గా ఆల్ఫా (ఎక్కడ పారదర్శకమో చెప్పేది) ఉంటుంది, అన్నిటిలోనూ ఉందో లేదో చూసి వర్చువల్ రాస్టర్‌లో కలపండి.

అతుకు దగ్గర చూడాల్సినవి

కలిపిన లేయర్‌ని అంచు వెంబడి దగ్గరగా జూమ్ చేసి, పై నుంచి కిందికి నెమ్మదిగా జరుపుతూ చూడండి. గీతని దాటే కాలువలు, రోడ్లు, రైలు పట్టాలు తెగకుండా సాగాలి. 82 డిగ్రీల దగ్గర అమలాపురం రోడ్లు ఇందుకు బాగా ఉపయోగపడతాయి. వైనతేయ మీద గన్నవరం అక్విడక్ట్ లాంటి కట్టడాన్ని శాటిలైట్ చిత్రంతో పోల్చితే మొత్తం పటం సరైన చోట కూర్చుందో లేదో తెలుస్తుంది.

అతుకు మీద పిక్సెల్ మందం తెల్లగీత కనిపిస్తే, క్లిప్ చేసేటప్పుడు అంచు పిక్సెల్ మధ్యలో పడిందన్నమాట. ఎక్స్‌టెంట్‌ని ఆ వైపు 0.0001 డిగ్రీ, అంటే సుమారు 11 మీటర్లు పెంచి మళ్లీ కోయండి. నల్లగీత కనిపిస్తే అది షీటు మీద అచ్చైన చట్రం గీత, అప్పుడు అంతే తగ్గించండి. గీతకి అటు కాలువ ఒక పక్కకి జరిగి మొదలవుతుంటే కోతలో ఏం చేసినా పోదు. ఆ షీటుని మళ్లీ జియోరిఫరెన్స్ చేయాల్సిందే. రెండు షీట్లు వేర్వేరు ఏళ్లలో సర్వే చేసినవైతే నది ఒడ్డు కలవకపోవడం సహజం. గోదావరి పాయల్లో లంకలు, ఇసుక మేటలు జరుగుతూనే ఉంటాయి. అక్కడ బలవంతంగా కలిపే ప్రయత్నం చేయకుండా, ఏ షీటు ఏ సర్వే సంవత్సరానిదో లేయర్ మెటాడేటాలో రాసిపెట్టండి. షీటు మార్జిన్ కోసేశాం కాబట్టి ఆ సంవత్సరం ఇంకెక్కడా మిగలదు.

చివరగా లేయర్ ప్రాపర్టీస్‌లో పిరమిడ్స్ (దూరం నుంచి చూసేందుకు చిత్రం చిన్న నకళ్లు) ట్యాబ్‌కి వెళ్లి నాలుగైదు స్థాయిలు కట్టండి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఒకే తెర మీద చూసేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో కూడా పటం ఆగకుండా కదులుతుంది. కోసిన ముక్కలు, వీఆర్‌టీ, చివరి టిఫ్ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, అసలు స్కాన్లు వేరే డిస్కులో దాచండి. ఫోల్డర్ జరపాల్సి వస్తే మొత్తంగా జరపండి, వీఆర్‌టీని ఒక్కదాన్నే తీస్తే లింకులు తెగుతాయి.